ముల్లు కదలని రోజుల్లో



ఈవేళ నేను చెప్పబోయేది వంటల సంగతి కాదు, అల్లికల సంగతీ కాదు. బరువు తూచుకునే మిషను సంగతి. బరువు తగ్గటం ఎలా అని మాత్రం కాదు సుమండీ! అది చెప్పేవాళ్ళు వీధికి నలుగురున్నారు. తగ్గుతూ తగ్గుతూ వచ్చిన బరువు ఒకచోట ఠక్కున ఆగిపోయి, మనం ఏం చేసినా కదలక మొండికేస్తుందే, దాన్ని గురించి. ఆ మొండితనం మీద అలిగి నేనొక పిచ్చిపని చేశాను. అది మీరెవరూ చెయ్యకూడదని ఈ పది నిమిషాలూ అడిగి తీసుకున్నాను.

ఇలా బరువు నిలిచిపోవటాన్ని ఇంగ్లీషులో ప్లాటూ అంటారమ్మా అన్నాడు మా అబ్బాయి. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని. ప్లాటూ అంటే పీఠభూమి అని, దక్కను పటం మీద బెత్తం పెట్టి మా సోషలు మాస్టారు చూపించటం జ్ఞాపకమే. కాకినాడలో పుట్టి కాకినాడలోనే మెట్టినదాన్ని. కనుచూపుమేరా బల్లపరుపు నేలే తప్ప వేరే ఎరగను. అలాంటిదానికి పీఠభూమి వెతుక్కుంటూ నా ఒంటి మీదికే వచ్చిందన్నమాట!

నా కథ చెప్తాను. కిందటేడు సంక్రాంతికి నా బరువు 78 కిలోలు. మనిషిని చూస్తే అయిదడుగుల ఒక అంగుళం. మోకాళ్ళు పట్టేసి పీట మీద కూర్చుంటే లేవలేకపోయేదాన్ని. అంతకంటే భయపెట్టింది రక్తపరీక్ష. మూడు నెలల చక్కెర సగటు చెప్పే పరీక్ష ఉంది గదా, అందులో 6.2 వచ్చింది. 5.7 దగ్గర్నుంచి జాగ్రత్త పడాలిట, 6.5 చేరితే ఇక చక్కెర వ్యాధి కిందే లెక్క. మా అమ్మకి చక్కెర వ్యాధి ఉండేది. కాలి మీద చిన్న పుండు మానక బొటనవేలు తీసెయ్యవలసి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ వీధిగుమ్మం దిగలేదు. ఆ కాలికి కట్టు మార్చిన చేతులివి. అందుకని నా పట్టుదల అద్దం ముందు నిలబడి పట్టిన పట్టుదల కాదు.

రాత్రిపూట అన్నం మానేశాను. పిండివంటలు మానేశాను. పొద్దున్నే గాంధీనగరం పార్కులో నడక మొదలుపెట్టాను. మొదటి నెలలోనే నాలుగు కిలోలు తగ్గాను. ఎంత సంబరమో! జాకెట్లు బిగించి కుట్టించుకున్నాను కూడా. ఆ తర్వాత జోరు తగ్గింది. ఆషాఢమాసం వచ్చేసరికి 71 దగ్గరికి చేరాను. అంతే. ముల్లు అక్కడ దిగేసుకుంది. శ్రావణం వెళ్ళింది, వినాయకచవితి వెళ్ళింది. అదే తిండి, అదే నడక, అదే 71.

మా అత్తయ్యగారు, "మిషను పాడైందేమోనే, ఓసారి బియ్యం బస్తా పెట్టి చూడు" అన్నారు. పదికిలోల బస్తా పెట్టి చూశాం. సరిగ్గా పదే చూపించింది. మావారు నవ్వుతూనే, "మాకు తెలియకుండా వంటింట్లో ఏదో లాగిస్తున్నావోయ్" అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నారు గాని, ఆ మాట నా కడుపులో దిగబడింది.

దసరా వచ్చింది. నవరాత్రుల పేరు చెప్పి మజ్జిగా నిమ్మరసాలతో ఉండిపోయాను. అమ్మవారి మీద భక్తి అనుకున్నారందరూ. నిజం చెప్పొద్దూ, అది ముల్లు మీద కసి. ఆరోరోజు మధ్యాహ్నం గంజి వారుస్తున్నాను. మా అత్తయ్యగారికి కుక్కరు అన్నం సయించదు లెండి. కళ్ళు చీకట్లు కమ్మాయి. గిన్నె జారి మరిగే గంజి కాస్తా కుడిపాదం మీద పడింది. కింద కూలబడ్డాను. నొప్పి తర్వాత తెలిసింది. ముందు కళ్ళకి కనిపించింది మా అమ్మ కాలు. ఏ కాలిని కాపాడుకోవాలని ఈ యజ్ఞమంతా మొదలుపెట్టానో ఆ కాలినే చేతులారా కాల్చుకున్నాను గదా అని ఏడుపొచ్చింది.

కట్టు కట్టిన లేడీ డాక్టరుగారు సంగతంతా విని, "ఏడు కిలోలు దించినదానివి, ఏ తప్పుకి నీకు నువ్వు శిక్ష వేసుకున్నావమ్మా?" అన్నారు. తర్వాత కట్టు మార్పించుకోవటానికి వెళ్ళిన ప్రతిసారీ కాస్త కాస్త చెప్పారు. కొన్ని మా అమ్మాయి పుస్తకాల్లో చూసి నాకు చదివి వినిపించింది. నాకు అర్థమైనంత మీకు చెప్తాను.

మొదటి నెల నాలుగు కిలోలు పోయాయే, అది కొవ్వంతా కాదుట. మనం తిన్న అన్నంలోంచి కొంత శక్తిని కాలేయమూ కండరాలూ గ్లైకోజన్ అనే రూపంలో నిలవ చేసుకుంటాయి. ఆ నిలవ ఒక గ్రాముంటే, దాన్ని అంటిపెట్టుకుని ఇంచుమించు మూడు గ్రాముల నీళ్ళుంటాయి. అన్నం తగ్గించగానే ఆ నిలవ ఖర్చవుతుంది, నీళ్ళు బయటికి పోతాయి. ముల్లు గబగబా దిగుతుంది. మీకు జ్ఞాపకముండే ఉంటుంది, 2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణగారు చెప్పిన పద్ధతి మన జిల్లాల్లో ఊరూరా పాకింది. అన్నం బంద్, కొబ్బరినూనె ముందు. మా వీధిలో పట్టినవాళ్ళందరూ మొదటి పదిహేను రోజులూ నేల మీద నడవలేదు. అంతకు ముందునుంచీ మంతెన సత్యనారాయణరాజుగారి ఉప్పులేని వంటలు చేసుకునే ఇళ్ళూ ఉన్నాయి. ఉప్పు తగ్గినా ఒంట్లో నిలిచిన నీరు కొంత తగ్గుతుంది. ఏ పద్ధతి మంచిదీ ఏది కాదూ అని తీర్పు చెప్పటం నా పని కాదు. ఏ పద్ధతి పట్టినా మొదటి జోరులో నీళ్ళ వాటా ఉంటుందనీ, ఆ జోరే ఎల్లకాలం సాగాలని ఆశపడితే మనసు విరుగుతుందనీ మాత్రం తెలుసుకున్నాను.

మరి తర్వాత ఎందుకు ఆగుతుంది? ఇది మనకి తెలిసిన లెక్కే. ఇంట్లో ఆరుగురున్నప్పుడు ఎసట్లో పోసే బియ్యం వేరు. ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళి, పిల్లవాడు హాస్టలుకి వెళ్ళాక పోసే బియ్యం వేరు. 78 కిలోల ఒళ్ళు పెద్ద సంసారం. ఊరికే పడుకున్నా దానికి ఖర్చెక్కువ. 71 కిలోల ఒళ్ళు చిన్న సంసారం. మోసేది తక్కువ, ఖర్చు తక్కువ. అప్పుడు నేను తిన్న తిండి లోటు బడ్జెట్టు. ఆ లోటు పూడ్చటానికి ఒంట్లో కొవ్వు కరిగింది. ఇప్పుడు అదే తిండి ఖర్చుకి సరిగ్గా సరిపోతోంది. లోటు లేదు, మిగులు లేదు. ముల్లెందుకు కదుల్తుంది చెప్పండి?

అంతే అయితే పరవాలేదు. రెండో సంగతి ఉంది, అదే అసలుది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనాసంస్థలో కెవిన్ హాల్ అనే ఆయనా సహచరులూ 2016లో ఒక లెక్క ప్రచురించారు. చక్కెర రోగులకి ఇచ్చే ఒక మందుంది. అది రక్తంలోని చక్కెరని కొంత మూత్రంలో పోగొడుతుంది. రోజుకి సుమారు 360 క్యాలరీలు అలా పోతాయి. రోగికి అది తెలియదు. పథ్యం చేస్తున్నాననే ధ్యాసే లేదు. అయినా వాళ్ళ బరువు కొన్నాళ్ళు తగ్గి, మూడు నాలుగు కిలోల దగ్గర ఆగిపోయింది. మందు ఆపలేదు, చక్కెర పోతూనే ఉంది. మరెందుకాగింది? ఆకలి పెరిగింది. ఎవరికీ తెలియకుండా, చెప్పాపెట్టకుండా పెరిగింది. లెక్కకడితే, ఒక కిలో బరువు తగ్గినందుకు ఒంటి ఖర్చు రోజుకి ఇరవై ముప్ఫై క్యాలరీలు తగ్గితే, ఆకలి వంద క్యాలరీల దాకా పెరుగుతోందిట!

ఇది విన్నప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నేను ఏడు కిలోలు దించాను. అంటే పొద్దున్న లేచింది మొదలు నా ఒళ్ళు నన్ను ఏడొందల క్యాలరీలు ఎక్కువ తినమని దెప్పుతోంది. అంత దెప్పుడులోనూ నేను 71 దగ్గర నిలబడ్డాను. ఒక గ్రాము పెరగలేదు. మరి నేను ఓడిపోయినట్టా? అన్నాళ్ళూ ప్రవాహానికి ఎదురీదుతూ నిలిచిన పడవని, కదలటం లేదని తిట్టుకున్నాను.

కొత్తగా వచ్చిన ఇంజక్షన్ల మాట కూడా అడుగుతారు మీరు. సెమాగ్లుటైడ్ అనే మందు మీద 2021లో వచ్చిన పెద్ద పరీక్షలో సగటున నూటికి పదిహేను వంతుల బరువు తగ్గింది. అయితే అదీ అరవై వారాల దగ్గర నిలిచిపోయింది. మందు ఆపిన ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఎవరికి అవసరమో డాక్టర్లు చూసి ఇస్తారు. ఆగిపోవటం మాత్రం దానికీ తప్పలేదు.

పస్తు సంగతి కూడా చెప్పెయ్యాలి. 1944, 45ల్లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ళకి ఆర్నెల్లపాటు సగం తిండి పెట్టి చూశారు. యుద్ధంలో ఆకలితో మాడినవాళ్ళకి మళ్ళీ తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుసుకోవటానికి. సగం తిండి అంటే రోజుకి దాదాపు 1570 క్యాలరీలు. ఇవాళ మనకి చేతికిచ్చే పథ్యం కాగితాల్లో అంతకంటే తక్కువ రాసినవి ఎన్నో! ఆ కుర్రాళ్ళు వేసవిలో కూడా చలి అని దుప్పట్లు అడిగారు. మెట్లెక్కటం మానేశారు. వంటల పుస్తకాలు ముందేసుకు కూర్చున్నారు. ఖర్చు తగ్గించుకునేందుకు ఒళ్ళు చేసే ఉపాయాలవన్నీ. నా నవరాత్రుల్లో నేనూ అంతే. మేడ మీద బట్టలు తేవటానికి పిల్లల్ని పంపేదాన్ని. మధ్యాహ్నం చాప మీద నుంచి లేచేదాన్ని కాదు. నోరు కట్టుకుని మిగిల్చింది కాస్తా చాప మీద పడుకుని పోగొట్టుకున్నాను.

పైగా పస్తులో కరిగేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా. అసలు కండరం పనిచెయ్యటానికి శక్తి ఎక్కణ్ణించి వస్తుందో తేల్చినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. 1927, 29ల్లో హార్వర్డులో ఫిస్కేగారితో కలిసి కనిపెట్టారు. ఆయన మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదట. పదితో ఆగినవాళ్ళం గదా, ఆ ముక్క నాకు మహా ఇష్టం. సరే, దారి తప్పాను. కండ పోయిందంటే మోకాళ్ళకి ఆసరా పోయినట్టే. నలభై దాటిన ఆడవాళ్ళకి అది అసలే తగ్గుతూ ఉంటుంది.

కాలు మానాక డాక్టరుగారు అన్నారు: "రెణ్ణెల్లు తగ్గే ఊసెత్తకు. 71లో కాపురం చెయ్యి. ఈలోగా ఒక వారం నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాయి."

నాకు రోషమొచ్చింది. నేను దొంగతిండి తింటానా? అప్పుడావిడ ఇంకో సంగతి చెప్పారు. 1992లో న్యూయార్కులో కొందరిని పరీక్షించారు. వాళ్ళంతా మేము రోజుకి 1200 క్యాలరీలు కూడా తినం, అయినా తగ్గం అని మొత్తుకున్నవాళ్ళే. తీరా కొలిస్తే వాళ్ళు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ చేసి, చేసిన ఒంటిపనిని 51 శాతం ఎక్కువ చేసి చెప్పారని తేలింది. అబద్ధమాడటం కాదమ్మా, మనసుకి ఆనవు, అంతే, అన్నారు.

మావారి పాత డైరీలో రాయటం మొదలుపెట్టాను. సిగ్గుపడకుండా చెప్తున్నాను వినండి. పులుసు ఉప్పు చూడటానికి గరిటెడు, కారం చూడటానికి గరిటెడు. మా అబ్బాయి కంచంలో వదిలేసిన నెయ్యి అన్నం ముద్ద, పారెయ్యటానికి ప్రాణం ఒప్పక. గిన్నె అడుగున మిగిలిన వేపుడు, "ఇంత పిసరు ఫ్రిజ్‌లో ఏం పెడతాం" అని. హైదరాబాదు నుంచి చుట్టాలొస్తే వాళ్ళు పట్టుకెళ్ళటానికి కొన్న గొట్టం కాజాల్లో విరిగినవి రెండు. విరిగినవి లెక్కలోకి రావని మన శాస్త్రం గాబోలు! ఇవన్నీ నిలబడి తిన్నవి. కంచం ముందు కూర్చుని తిన్నది మాత్రం నేను చెప్పినంతే. అందుకే నాకు ఆనలేదు. మావారి వేళాకోళంలో కాస్త నిజమున్నట్టే. ఆ సంగతి ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటారు.

రెండోది నూనె. మేం నలుగురం. నెలకి అయిదు లీటర్ల ప్యాకెట్లు. లెక్కకడితే మనిషికి రోజుకి 38 గ్రాములు పడింది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, 2000 క్యాలరీల తిండికి నూనె 27 గ్రాములు రాశారు. తేడా పదకొండు గ్రాములు. అన్నంకంటే నూనెకి గ్రాముకి రెట్టింపు పైన బలం. ఆ పదకొండు గ్రాములూ ఇంచుమించు వంద క్యాలరీలు. నేను అన్నం మీద యుద్ధం ప్రకటించి, మూకుడులోకి మాత్రం కంటి కొలతతో వంపుతున్నాను! ఇప్పుడు నెల మొదట్లో మూడున్నర లీటర్లు తెస్తున్నాం. గరిటె తీసేసి చెంచా పెట్టాను. మొదట్లో వంకాయ కూర ముఖం మాడ్చింది. మూతపెట్టి మగ్గిస్తే దారికొచ్చింది.

పస్తుల బదులు పొద్దున్న పెసరట్టో గుడ్డో గట్టిగా తినటం అలవాటు చేసుకున్నాను. నడకతోపాటు రెండు లీటర్ల నీళ్ళ సీసాలు చేత్తో ఎత్తి దించటం, గోడ పట్టుకుని గుంజీళ్ళ మాదిరి వంగి లేవటం చేస్తున్నాను. మా అత్తయ్యగారు చూసి, "చిన్నప్పుడు బళ్ళో తీయించలేదా ఏమిటే" అంటారు.

తూకం కూడా వారానికి ఒక్కసారే, శుక్రవారం పొద్దున్నే, కాఫీకి ముందు. రోజూ ఎక్కితే మనసు పాడు. ముందురోజు ఆవకాయ ఎక్కువైనా, నెలసరి ముందూ, నీరు పట్టి కిలో దాకా అటూ ఇటూ అవుతుంది. ముల్లుతోపాటు టేపు కూడా పట్టండి. మన ఆడవాళ్ళకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే మంచిది కాదంటారు. నాది ఇంకా చాలా దూరంలో ఉంది. కాని 71లో కాపురమున్న ఆ రెణ్ణెల్లలో ముల్లు కదలకపోయినా టేపు మూడు సెంటీమీటర్లు దిగింది.

ఒక జాగ్రత్త. తిండీ నూనే అన్నీ చూసుకున్నాక కూడా బరువు మొండికేసినా, ఊరికే పెరుగుతున్నా థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. వాటిని సొంతంగా మానకండి, డాక్టరుని అడగండి. చక్కెరకి మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు మాత్రం నాలాగా పస్తుండటమనే ఆలోచనే పెట్టుకోవద్దు. చక్కెర పడిపోతే ప్రాణం మీదికొస్తుంది. నాకు పాదంతో పోయింది.

ఇంకొక్క సంగతి. ఇది నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చింది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్‌గారూ వారి సహచరులూ, నాలాగా చక్కెర వ్యాధి గుమ్మం దాకా వచ్చిన 531 మందిని మూడేళ్ళ దాకా గమనించి, 2006లో ఫలితాలు ప్రచురించారు. తిండి సవరించుకుని, నడక పెట్టుకున్నవాళ్ళలో వ్యాధి ముదరటం 28 శాతం పైగా తగ్గింది. చిత్రమేమిటంటే వాళ్ళ బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు! ముల్లు ఉన్నచోటే ఉంది, లోపల మేలు మాత్రం జరిగింది.

నా దసరా ప్రహసనం జరిగి ఏడాది దాటింది. రెణ్ణెల్ల కాపురం తర్వాత బరువు మళ్ళీ మెల్లిగా దిగటం మొదలైంది. నెలకి అర కిలో, ఒక్కోనెల అదీ లేదు. ఇప్పుడు 68న్నర. అయిదు నెలలుగా అక్కడే ఉన్నాను. పట్టికల ప్రకారం ఇంకా తగ్గవలసిందే. ఉగాది దాకా ఇక్కడే ఉందామనుకుంటున్నాను. మొన్న చేయించుకున్న రక్తపరీక్షలో 5.6 వచ్చింది. పీట మీద నుంచి చెయ్యి ఆన్చకుండా లేస్తున్నాను. పాదం మీద మచ్చ మాత్రం అలాగే ఉంది, రూపాయి బిళ్ళంత.

శుక్రవారం పొద్దున్న మిషను దిగగానే మా అత్తయ్యగారు పూజగదిలోంచి కేకేస్తారు. "ఏమ్మా, ఆ ముల్లు ఇంకా అక్కడే ఉందిటే?"

"అక్కడే ఉందండీ అత్తయ్యగారూ" అంటాను.

"సరే, అయితే కాఫీ కలుపు" అంటారావిడ.

సెలవు.